నీలగిరి సరస్సుల దారిలో సైకిలు: మ్యాపు చెప్పని లెక్కలు

కొండదారిలో కిలోమీటర్లు మాత్రమే చూసుకుంటే దెబ్బతింటాం. వాలు, కంకర, చలి, పిడుగు, అడవి హద్దు... ప్రతిదానికీ ఓ లెక్క ఉంది. ఊటీ నుంచి ఎమరాల్డ్, అవలాంచి జలాశయాల వరకు ఒక రోజు సైకిలు యాత్రకు ప్లాను వేస్తూ నేర్చుకున్న సంగతులివి.

"ఇక్కడ కొంచెమే కదా అక్కా గ్యాపు! ఈ రెండు సరస్సుల్నీ కలిపేస్తే రౌండు పూర్తయిపోతుంది."

బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు వీడియో కాల్‌లో మ్యాపు చూపిస్తున్నాడు. ఊటీ నుంచి బయల్దేరి ఎమరాల్డ్, అక్కణ్నుంచి అవలాంచి, ఆపైన పోర్తిమండ్, పార్సన్స్ వ్యాలీ, మళ్లీ ఊటీ. నాలుగు జలాశయాలు, చుట్టూ అడవి, మధ్యలో మట్టిదారులు. తెర మీద చూస్తే ముచ్చటగానే ఉంది. అవలాంచికీ పోర్తిమండ్‌కీ మధ్య ఒక్క చోట మాత్రం దారి గీత కనిపించడం లేదు. వాడి వేలు ఆ ఖాళీని ఇట్టే దాటేసింది.

నాకు మాత్రం పాత అనుభవం గుర్తొచ్చింది. పోయినేడాది వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లోంచి కోట్‌పల్లి ప్రాజెక్టు వైపు ఒంటరిగా వెళ్లాను. రానూపోనూ 40 కిలోమీటర్లు. తారురోడ్డు మీద అది నాకు రెండు గంటల పని. అందుకే తీరిగ్గా మధ్యాహ్నం మూడింటికి బయల్దేరాను. ఎర్ర మొరం దారిలోకి దిగాక వేగం సగానికి పడిపోయింది. చివరి ఎనిమిది కిలోమీటర్లు చీకట్లో సైకిలు నడిపించుకుంటూ, ఫోన్ టార్చి వెలుగులో అడుగులు వేసుకుంటూ వచ్చాను. ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేసిన మనిషిని, ఇంటర్ పుస్తకంలోని లెక్క వేసుకోలేకపోయాను. ఈసారి ఆ తప్పు జరగకూడదనుకున్నాను.

ఒకే దారి, రెండు ఎత్తులు

మొదట మా తమ్ముడి కోరిక పక్కన పెట్టి, దారి ఉందని గట్టిగా తెలిసిన భాగాన్ని గీశాం. ఊటీ నుంచి ముత్తోరై, ఇత్తలార్ మీదుగా ఎమరాల్డ్. అక్కణ్నుంచి అవలాంచి అటవీ గేటు వరకు వెళ్లి వెనక్కి. తిరుగు ప్రయాణంలో పొలాల మధ్య దారుల్లో నంజనాడు వైపు నుంచి ఊటీ. సుమారు 55 కిలోమీటర్లు. ఇందులో గతుకులు, కంకర, తోటల్లోని మట్టిదారులు కలిపి 20 కిలోమీటర్ల దాకా ఉంటాయని అంచనా.

మరి ఎక్కాల్సిన ఎత్తు ఎంత? ఒక యాప్ 1,050 మీటర్లంది. ఇంకో యాప్ అదే గీతకు 1,400 చూపించింది. ఇంత తేడా ఎందుకు?

చాలా యాప్‌ల వెనక ఉన్న సమాచారానికి మూలం 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష నౌక 11 రోజుల పాటు రాడార్‌తో చేసిన సర్వే. అది నేలను దాదాపు 30 మీటర్ల గడులుగా విడగొట్టి, ఒక్కో గడికి ఒక్కో ఎత్తు ఇచ్చింది. మన ఇస్రో కూడా కార్టోశాట్-1 చిత్రాల నుంచి ఇలాంటి ఎత్తుల పటాన్ని తయారుచేసి భువన్ పోర్టల్‌లో ఉంచింది. మైదానంలో ఇవి చక్కగా పనిచేస్తాయి. కొండ అంచును చెక్కి వేసిన దారి మాత్రం ఆ గడి కన్నా బాగా ఇరుకు. 30 డిగ్రీల వాలు మీద మనం గీసిన గీత పక్కకు 10 మీటర్లు జరిగితే చాలు, ఎత్తులో దాదాపు 6 మీటర్ల తేడా వస్తుంది. పైగా దట్టమైన అడవిలో రాడార్ తరంగం పూర్తిగా నేల దాకా దిగదు, కొంతవరకు చెట్ల కొమ్మల ఎత్తునే నేల ఎత్తుగా నమోదు చేస్తుంది. ఈ చిన్న చిన్న ఎగుడుదిగుడులన్నిటినీ యాప్ నిజమైన ఎక్కుళ్లుగా కలుపుకుంటూ పోతుంది. కొన్ని యాప్‌లు వాటిని ముందే నునుపు చేస్తాయి, కొన్ని చేయవు. అందుకే జవాబులు వేరు.

భారత సర్వేక్షణ విభాగం 1:50,000 పటాల్లో సమోన్నత రేఖలు సాధారణంగా 20 మీటర్లకు ఒకటి ఉంటాయి. పెద్ద ఎక్కుళ్ల దగ్గర ఆ రేఖల్ని చేత్తో లెక్కపెట్టి, 1,200 మీటర్లు అని ఖాయం చేసుకున్నాం.

ఉపగ్రహ చిత్రం ఇంకో చోట కూడా బురిడీ కొట్టించింది. ఎమరాల్డ్ ఒడ్డు పొడవునా లేత గోధుమరంగు పట్టీ ఒకటి కనిపించింది. అది చక్కని మట్టిరోడ్డని మా వాడు మురిసిపోయాడు. వేరే నెలలో తీసిన చిత్రం తెరిస్తే అక్కడ నీళ్లున్నాయి! జలాశయంలో నీటిమట్టం తగ్గినప్పుడు గడ్డి మొలవని ఒడ్డు బయటపడి, పైనుంచి చూసేవారికి రోడ్డులా కనిపిస్తుంది. జలాశయాల పక్కన దారి వెతికేవాళ్లు కనీసం రెండు కాలాల చిత్రాలు పోల్చి చూడటం మేలు.

కంకర అంటే కనిపించని ఎక్కుడు

ఇప్పుడు అసలు లెక్క. మనిషి, సైకిలు, సామాను కలిపి 90 కిలోలనుకుందాం. చక్రం దొర్లేటప్పుడు టైరు, నేల కొద్దిగా నొక్కుకుపోయి శక్తిని తినేస్తాయి. దీన్నే దొర్లుడు నిరోధం అంటారు. మంచి తారురోడ్డు మీద ఈ నిరోధం మొత్తం బరువులో సుమారు 0.5 శాతం. వదులు కంకర మీద అది 1.5 శాతం వరకు వెళ్తుంది.

తేడా ఒక్క శాతమే. కానీ బరువులో ఒక శాతం బలం వెనక్కి లాగడమంటే 100 మీటర్లకు ఒక మీటరు చొప్పున ఎత్తు ఎక్కడంతో సమానం. అంటే చదునైన కంకర దారిలో ప్రతి కిలోమీటరుకూ మనం కంటికి కనిపించని 10 మీటర్ల ఎత్తు ఎక్కుతున్నాం. మా 20 కిలోమీటర్ల కంకరకు 200 మీటర్ల ఎత్తు అదనం. 1,200 కాస్తా 1,400 అయింది. కోట్‌పల్లి దారిలో నన్ను ముంచింది ఈ లెక్కే.

90 కిలోలను 1,400 మీటర్లు ఎత్తడానికి కావాల్సిన శక్తి సుమారు 1,235 కిలోజౌళ్లు. మామూలు అలవాటున్న వ్యక్తి గంటల తరబడి నిలకడగా 100 వాట్ల దాకా తొక్కగలరు. ఊటీ ఎత్తు దాదాపు 2,240 మీటర్లు. అక్కడ వాయుపీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో 77 శాతమే. ఊపిరికి అందే ఆక్సిజన్ కూడా ఆ మేరకు తగ్గుతుంది కాబట్టి ఒంట్లోంచి వచ్చే గరిష్ఠ శక్తిలో సుమారు పదోవంతు కోత పడుతుంది. 90 వాట్లే చేతికొస్తాయనుకుంటే, ఎక్కడానికే 3 గంటల 50 నిమిషాలు కావాలి. దిగడానికి, ఆగడానికి, తినడానికి, ఫొటోలకు ఇంకో మూడు గంటలు. తారురోడ్డు వేగంతో లెక్కేస్తే మూడు గంటల్లో అయిపోవాల్సిన 55 కిలోమీటర్లు ఇక్కడ రోజంతా పట్టే పని.

తిండి లెక్క ఇంకా సులువు. మన కండరాలు తిన్న ఆహారంలోని శక్తిలో సుమారు నాలుగో వంతునే పనిగా మార్చగలవు, మిగతాది వేడి. ఒక కిలోకేలరీ అంటే 4.2 కిలోజౌళ్లు. ఈ రెండూ దాదాపుగా ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కాబట్టి పెడల్ మీద ఎన్ని కిలోజౌళ్ల పని చేస్తే, అన్ని కిలోకేలరీల తిండి అదనంగా కావాలని గుర్తుపెట్టుకుంటే చాలు. మాకు ఒక్కొక్కరికి 1,200 పైచిలుకు. ఇడ్లీకి 50 చొప్పున చూస్తే పాతిక ఇడ్లీలు! అన్ని ఎలాగూ మోయలేం కాబట్టి పల్లీపట్టీలు, ఖర్జూరం, అరటిపళ్లు సర్దుకున్నాం.

రైలుకే పళ్లచక్రం కావలసిన వాలు

వాలు ఎంత ఉంటే కష్టం? మెట్టుపాళయం నుంచి ఊటీకి వచ్చే కొండ రైలు కల్లార్, కూనూర్ మధ్య సుమారు 12 అడుగులకు ఒక అడుగు చొప్పున ఎక్కుతుంది. అంటే దాదాపు 8 శాతం. అక్కడ మామూలు చక్రాలకు పట్టు చాలక, పట్టాల మధ్య వేసిన పళ్లకడ్డీని ఇంజన్ కింది పళ్లచక్రం పట్టుకుని పైకి లాగుతుంది.

అదే 8 శాతం వాలు మీద 90 వాట్లతో 90 కిలోలను ఎక్కిస్తే వేగం గంటకు నాలుగున్నర కిలోమీటర్లే. నడకతో సమానం. పెడల్ దగ్గరి పళ్లచక్రం, వెనక పళ్లచక్రం సమానంగా ఉంటే ఈ వేగంలో కాళ్లు నిమిషానికి 36 చుట్లే తిరుగుతాయి. ప్రతి చుట్టుకూ మోకాలి మీద భారం పడుతుంది. ముందు 30 పళ్లు, వెనక 46 పళ్లు ఉన్న గేరుతో అది 55 చుట్లకు పెరుగుతుంది. కండరానికి ఊపిరాడుతుంది. మా తమ్ముడి సైకిలుకు వెనక పెద్ద పళ్లచక్రం వేయించడం మా ప్లానులో అతి విలువైన ఖర్చు.

ఎమరాల్డ్ దారిలో ముత్తోరై దగ్గర వాలును చూసి మెచ్చుకోవాల్సిన చోటొకటి ఉంది. టాటా ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన గోవింద్ స్వరూప్ బృందం నిర్మించిన ఊటీ రేడియో టెలిస్కోపు 1970 నుంచి అక్కడే పనిచేస్తోంది. పొడవు 530 మీటర్లు, వెడల్పు 30 మీటర్లు. ఉత్తర-దక్షిణంగా సుమారు 11 డిగ్రీలు వాలిన కొండను వెతికి మరీ దాన్ని నిలబెట్టారు. ఆ చోటి అక్షాంశం కూడా సుమారు 11 డిగ్రీలే. అందువల్ల టెలిస్కోపు పొడవు భూమి తిరిగే అక్షానికి సమాంతరంగా ఉంటుంది. ఒక్క అక్షం మీద తిప్పితే చాలు, ఆకాశంలోని ఒక మూలాన్ని గంటల తరబడి వెంబడించవచ్చు. ఆ కొండ వాలును సైకిలు భాషలో చెబితే 19 శాతం పైమాటే. శాస్త్రవేత్తలకు వరమైన వాలు మన మోకాళ్లకు శాపం. దారి దాని పక్కగా పోతుంది కాబట్టి బతికిపోయాం.

టైర్ల గురించి ఓ చిన్న ముచ్చట. మెట్టుపాళయంలో 35 పీఎస్ఐ గాలి కొట్టాం. పైకి వెళ్లేకొద్దీ బయటి పీడనం తగ్గుతుంది కాబట్టి టైరు గట్టిపడాలి. చలికి లోపలి గాలి కుంచించుకుని మెత్తబడాలి కూడా. 33 డిగ్రీల నుంచి 15 డిగ్రీలకు లెక్కేస్తే ఈ రెండు ప్రభావాలూ సరిగ్గా సరిపోతాయి. ఊటీలో కొలిస్తే గేజి ముల్లు ఇంచుమించు అక్కడే ఉంది.

ఏ నెలలో, ఏ గంటలో

అవలాంచి నీలగిరి పడమటి అంచున ఉంది. నైరుతి రుతుపవనాలు నేరుగా వచ్చి తగిలే చోటు. 2019 ఆగస్టులో ఇక్కడ 24 గంటల్లోనే 800 మిల్లీమీటర్లకు పైగా వాన పడింది. హైదరాబాద్‌లో ఏడాదంతా కురిసే సగటు వాన దాదాపు అంతే. ఈ ఊరి పేరు కూడా 19వ శతాబ్దం తొలినాళ్లలో విరిగిపడిన ఓ పెద్ద కొండచరియ వల్ల వచ్చిందే. కాబట్టి జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఆ ఆలోచనే వద్దు.

ఏప్రిల్, మే, అక్టోబరు నెలల్లో మధ్యాహ్నం తర్వాత ఉరుములు, మెరుపులు. వాటి బలమెంతో చెప్పిన ప్రయోగం కూడా ఊటీదే. అక్కడి గ్రేప్స్-3 పరిశోధనశాల అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల వల్ల పుట్టే మ్యుయాన్లను లెక్కిస్తుంది. మేఘంలోని విద్యుత్ క్షేత్రం ఈ కణాల శక్తిని మార్చేస్తుంది కాబట్టి వాటి సంఖ్య తగ్గిన తీరు నుంచి మేఘం వోల్టేజీని రాబట్టవచ్చు. 2014 డిసెంబరు 1న వచ్చిన ఉరుముల మేఘంలో అది 130 కోట్ల వోల్టులని 2019లో ప్రచురించారు. ఈ అంకె తెలిశాక, ఉరుము వినబడితే గట్టు మీద సైకిలు తొక్కే ధైర్యం రాదు. ఎత్తయిన బయలు ప్రదేశాల్ని మధ్యాహ్నంలోపు దాటేలా దారి దిశను ఎంచుకోవడం అవసరం.

ఫిబ్రవరి నుంచి గడ్డి ఎండి కార్చిచ్చుల కాలం మొదలవుతుంది. 2018 మార్చిలో తేని జిల్లా కురంగణిలో అడవి మంటలు 20 మందికి పైగా ట్రెక్కర్ల ప్రాణాలు తీశాయి. ఆ కాలంలో అడవి దారులు మూసేయడం వెనక ఉన్న కారణం ఇదే.

మిగిలింది జనవరి. అప్పుడు ఇబ్బందల్లా మంచుతో. మబ్బులేని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేసి చల్లబడుతుంది. దాన్ని తాకిన గాలి చల్లబడి, బరువెక్కి, నీళ్లలాగే పల్లానికి జారుతుంది. అందుకే తెల్లవారుజామున కొండ మీద కంటే జలాశయం ఉన్న లోయలోనే చలి ఎక్కువ. గడ్డి మీద తెల్లటి తుషారం పేరుకునేదీ అక్కడే. ఎక్కేటప్పుడు పట్టిన చెమటతో దిగుడు దారిలో చలిగాలికి ఎదురెళ్తే వేళ్లు కొంకర్లుపోయి బ్రేకు అందదు. అందువల్ల ఎండ లోయలోకి దిగే ఎనిమిదింటికి బయల్దేరి, నాలుగున్నరకల్లా తిరిగి రావాలని నిర్ణయించుకున్నాం. సాయంకాలం అడవిదున్నలు, ఏనుగులు తిరిగే వేళ. చప్పుడు లేకుండా వచ్చే సైకిలు మలుపులో వాటికి ఎదురుపడటం కన్నా ప్రమాదం లేదు. గంట మోగిస్తూ వెళ్లడం మర్యాద, రక్షణ కూడా.

నీళ్లలో దాచిన కరెంటు

ఇక్కడి జలాశయాల్లో చాలావరకు కుందా జలవిద్యుత్ పథకంలో భాగంగా గత శతాబ్దంలో కట్టినవి. కానీ వాటిలోకి నీళ్లు తెచ్చేది ప్రకృతి కట్టుకున్న ఏర్పాటు. లోయ మడతల్లో చిక్కగా పెరిగే షోలా అడవులు, వాటి పైన గడ్డిమైదానాలు. తుషారం చెట్ల లేత మొలకల్ని చంపుతుంది కాబట్టి బయలు వాలుల్లో గడ్డి నిలిచింది, మడతల్లో చెట్లు నిలిచాయి. ఈ జంట వాననీటిని పీల్చుకుని వాగుల్లోకి మెల్లగా వదులుతుంది. పార్సన్స్ వ్యాలీ నీళ్లు ఊటీ ఊరి దాహం తీరుస్తాయి.

పోర్తిమండ్‌ను పై జలాశయంగా, అవలాంచి-ఎమరాల్డ్‌ను కింది జలాశయంగా వాడుకుని 500 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ కేంద్రానికి రూపకల్పన చేశారు. కరెంటు మిగిలినప్పుడు నీటిని పైకి తోడి, కొరత వచ్చినప్పుడు కిందికి వదలడం దీని సూత్రం. సైక్లిస్టు చేసేదీ ఇదే, చిన్న మోతాదులో. 90 కిలోలతో 300 మీటర్లు ఎక్కితే దాచుకునే శక్తి మన ఇంటి సీలింగ్ ఫ్యాను గంటసేపు తిరిగేంత. తేడా ఏమిటంటే, మనం దిగేటప్పుడు దాన్ని వెనక్కి రాబట్టుకోలేం, బ్రేకుల్లో వేడిగా పోతుంది. గాలికి చల్లారే వీలే లేకపోతే ఆ వేడి రెండు చిన్న ఉక్కు డిస్కుల్ని వెయ్యి డిగ్రీలు దాటించగలదు. బ్రేకును అదేపనిగా నొక్కి ఉంచకుండా పట్టి వదులుతూ దిగమని చెప్పేది అందుకే.

కలవని గీత

ఇక మా తమ్ముడి గ్యాపు సంగతి. అవలాంచికి పడమరన ఉన్నవి రిజర్వు అడవి, దాన్ని ఆనుకుని ముకుర్తి జాతీయ ఉద్యానం. నీలగిరి థార్ అనే కొండమేక చివరి ఆవాసాల్లో ఇదొకటి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జాతీయ ఉద్యానంలోకి అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. అవలాంచి గేటు దాటాక సందర్శకులను అటవీ శాఖ తన వాహనాల్లోనే తీసుకెళ్తుంది.

"సైకిలే కదా, పొగ లేదు, చప్పుడు లేదు. దాని వల్ల అడవికి ఏమవుతుంది?" అని వాడి ప్రశ్న. సబబైన ప్రశ్నే. దానికీ ఫిజిక్స్ జవాబు చెబుతుంది. టైరు నేలను నొక్కే పీడనం దాదాపు దానిలోని గాలి పీడనమంత ఉంటుంది. 35 పీఎస్ఐ అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు రెండున్నర కిలోలు. చెప్పులేసుకున్న మనిషి పాదం నొక్కేది అందులో ఆరో వంతో, ఏడో వంతో. తడిసిన గడ్డినేలలో చక్రం గాడి చేస్తుంది. తర్వాతి వాన ఆ గాడినే కాలువ చేసుకుని మట్టిని కోసుకుపోతుంది. పైగా టైరు గళ్లలోని బురదలో విత్తనాలు ప్రయాణిస్తాయి. వలస పాలనలో తెచ్చిన స్కాచ్ బ్రూమ్, వాటిల్ లాంటి మొక్కలు ఇప్పటికే ఈ గడ్డిమైదానాల్ని ఆక్రమించాయి. మన సైకిలు వాటికి ఉచిత రవాణా కాకూడదు.

భద్రత లెక్క కూడా ఉంది. రౌండు దారిలో సగం దగ్గర వెనక్కి రావడం, ముందుకు పోవడం ఒకే దూరం. ఎక్కడ చిక్కుకుంటే అక్కడ నుంచి ఊరికి చేరే పక్కదారి ఉండాలి. మా 55 కిలోమీటర్లలో బస్సు దొరికే ఊళ్లు అక్కడక్కడా ఉన్నాయి. మా వాడు గీసిన ఆ ఖాళీలో ఒక్కటీ లేదు.

వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆ ముక్కను తనే చెరిపేశాడు.

గేటు దగ్గర

జనవరిలో వెళ్లాం. నీలగిరిలో ప్లాస్టిక్ నీళ్ల సీసాలపై నిషేధం ఉంది కాబట్టి మా స్టీలు సీసాలు మేం తెచ్చుకున్నాం. ముత్తోరైలో టెలిస్కోపు ముందు పది నిమిషాలు నిలబడ్డాం. క్యారెట్ చేల పక్కన మట్టిదారిలో వెనక చక్రం జారినప్పుడల్లా సీటు మీద బరువు వెనక్కి వేసి కూర్చుంటే పట్టు దొరికింది. ఎమరాల్డ్ ఒడ్డున ఆ గోధుమరంగు పట్టీ మోకాలి లోతు నీళ్ల కింద ఉంది. మా తమ్ముడు దాన్ని చూసి నవ్వాడు.

అవలాంచి గేటు దగ్గరికి చేరేసరికి పన్నెండున్నర. అవతల దారి షోలా నీడలోకి మలుపు తిరిగి మాయమైంది. ఆ మలుపు వెనక ఏముందో చూడాలని ఎవరికైనా ఉంటుంది. కాపలా ఉన్నాయన మా సైకిళ్లను చూసి, "ఇక్కడితో సరి" అన్నట్టు చెయ్యి ఊపాడు. ఖర్జూరాలు తిని, సైకిళ్లు వెనక్కి తిప్పాం.

ఊటీ చేరేసరికి నాలుగూ నలభై. లెక్కకు పది నిమిషాలు ఆలస్యం, చీకటికి గంటకు పైగా ముందు. ఆ రాత్రి ఫోన్లో మేం తిరిగిన గీత చూశాం. గుండ్రంగా రాలేదు. ఒక పక్కకు కాడ పొడుచుకొచ్చిన గరిటెలా ఉంది. మా తమ్ముడు దాన్ని ఇంట్లో వాళ్లందరికీ పంపి, కింద ఒక్క మాట రాశాడు: "గరిటె యాత్ర దిగ్విజయంగా ముగిసింది."